చీకటి పడ్డాక మా పిల్లల్ని ఇల్లు చేర్చినవాళ్ళకు

అందరికీ నమస్కారం.

నేను పులిచెర్ల వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ టీచర్ని. స్కూలు ఏ ఊళ్ళో ఉందో రాయడం లేదు. ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో వాళ్ళే వద్దన్నారు. "పేర్లు పెట్టి రాసినారంటే రేపట్నించి మీ స్కూలు గేటు కాడికి రాము" అని నవ్వుతూనే బెదిరించారు. మా ఊరు ఎంత చిన్నదంటే ఊరి పేరు రాసినా ఆ మనుషుల పేర్లు రాసినట్టే. ఊరివాళ్ళు చదివితే ఎవరి గురించో వాళ్ళకే తెలుస్తుంది.

పదో తరగతి పరీక్షలు ముగిశాయి. ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చాక రాద్దాం మేడమ్ అని హెడ్మాస్టరు గారు అన్నారు కానీ నేనే ఆగలేదు. అప్పుడు రాస్తే, మార్కులు బాగుంటే మార్కుల కోసం చెప్పినట్టుంటుంది, బాగలేకపోతే సాకులు వెతికినట్టుంటుంది. 600కి ఎవరికి ఎంత వచ్చినా వీళ్ళు చేసిన పని చేసినట్టే.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక మొదలైనప్పుడు, పదో తరగతి వాళ్ళను సాయంత్రం ఆరున్నర దాకా కూర్చోబెట్టి చదివించాలని స్టాఫంతా అనుకున్నాం. మొత్తం 41 మంది పిల్లలు. వాళ్ళలో 19 మంది ఆడపిల్లలు మూడు పల్లెల నుంచి వస్తారు. అన్నిటికన్నా దూరం పల్లె నాలుగు కిలోమీటర్లు. మొదటి రెండు రోజులు అందరూ ఉన్నారు. వారం తిరిగేసరికి ఈ 19 మందిలో ఎనిమిది మందే మిగిలారు. ఆ తర్వాత నలుగురు. సోమవారం, గురువారం నా డ్యూటీ. ఒక గురువారం నాకు కోపం వచ్చి హాజరు పుస్తకంలో రాని వాళ్ళ పేర్ల పక్కన "శ్రద్ధ లేదు" అని రాశాను. ఎర్ర పెన్నుతో.

మర్నాడు ఒకమ్మాయిని పిలిచి అడిగాను. తల వంచుకుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మీరు కారులో మెయిన్ రోడ్డుకు పోయి తిరుపతి బస్సెక్కుతారు మేడమ్. మేము తోపులో నడిచి పోవాల" అంది.

"తోపులో ఏముంది?"

"మొన్న ఏనుగులు దిగినాయి గదా మేడమ్."

ఎనిమిదేళ్ళుగా ఈ స్కూల్లో పనిచేస్తున్నాను. ఏనుగుల వార్త నేను పేపర్లో చదువుతాను, వాళ్ళు చెవులతో వింటారు. మా వైపు ఇది కొత్త సంగతేం కాదు. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చాయి, వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం వచ్చింది. ఇప్పుడు శేషాచలం అంచున ఉన్న మా పల్లెల్లో కూడా అవి ఎప్పుడు దిగుతాయో తెలియదు. మామిడి కొమ్మలు విరుస్తాయి, వరి తొక్కుతాయి, డ్రిప్పు పైపుల్ని నూలు పోగుల్లా లాగి పడేస్తాయి. అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చి, 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీ ఏనుగులు పలమనేరు దగ్గర ముసలిమడుగులో ఉన్నాయని నేను క్లాసులో చెప్తే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "అవి ఆడుండాయి మేడమ్, మేము ఈడుండాం" అంది. అప్పుడు నవ్వేశాను కూడా.

తల్లిదండ్రుల్ని పిలిపించాం. ఒకమ్మ కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి, "చదువు కావాల్సిందే మేడమ్. పిల్ల గూడా కావాల గదా" అంది. ఆ మాటకు మా స్టాఫు రూములో ఎవరి దగ్గరా జవాబు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడపిల్లలకు బస్సు ఉచితమే, అది నిజంగా పెద్ద మేలు. కానీ మా పల్లెలకు అయిదు దాటితే బస్సే లేదు. అడగాల్సిన చోట అడిగాం, కాగితం ఇచ్చాం. దాని గురించి ఇంతకన్నా రాయను.

మా స్కూల్లో వంట చేసే ఆయమ్మ ఈ సంగతి సర్కిల్లో టీ కొట్టు దగ్గర చెప్పిందట. మర్నాడు ఇంటర్వెల్లో ముగ్గురు ఆటో డ్రైవర్లు వచ్చారు. కూర్చోండన్నా అంటే కూర్చోలేదు. ముగ్గురిలో పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, "ఎంతమంది పిల్లోళ్ళు, ఏయే పల్లెలు, చెప్పండి మేడమ్" అని అరచేతి మీద రాసుకున్నాడు. 6, 7, 6. అంతే, లెక్క తేలిపోయింది. డబ్బుల మాట నేనే ఎత్తాను. "డీజిలు పోయించండి చాలు. ఆ టయానికి మాకు బేరాలు ఉండవులే" అన్నాడు. అది అబద్ధం. సాయంత్రం ఆరున్నరకే దామలచెరువు నుంచి, పాకాల స్టేషన్ నుంచి ఊళ్ళకు చేరేవాళ్ళు దిగుతారు. ఆ బేరాలు వదులుకున్నారని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది, అదీ వాళ్ళు చెప్తే కాదు.

హెడ్మాస్టరు గారు ప్రతి ఇంటి నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారు. ఏ ఆటోలో ఎవరు ఎక్కాలో గేటు దగ్గర చార్టు అంటించాం. పిల్ల ఇంట్లోకి అడుగు పెట్టాక ఆ తల్లి ఫోన్ నుంచి గ్రూపులో ఒక మెసేజ్ రావాలి. ఏడుంబావు లోపల 19 మెసేజ్‌లూ రాకపోతే డ్యూటీలో ఉన్న టీచరు ఇంటికి బయల్దేరకూడదు. ఈ రూలు పెట్టింది మేం కాదు, ఆ పెద్దాయన.

ఆటోలో ఇంతకుముందు పాటలు మోగేవి. పిల్లలు దారిలో మూలకాల గ్రూపులు వల్లె వేసుకోవడం మొదలుపెట్టాక ఆయన పాటలు ఆపేశాడట. ఒక రోజు గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, చాలా సీరియస్‌గా, "మేడమ్, ఈ హాలోజన్లు ఎవురు? రోజూ పిల్లోళ్ళు వాళ్ళను తిడతా ఉండారు" అన్నాడు. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అని చెప్పాను. "క్లోరిన్ నాకు తెలుసులే, ట్యాంకులో ఏస్తారు" అన్నాడు. ఆ వారం మా పిల్లలు ఆయనకు ఆవర్తన పట్టికలో పదిహేడో గ్రూపు మొత్తం నేర్పారు. నా పరీక్షలో అయితే పాసయినట్టే.

జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక వచ్చిన రెండో గురువారం గురించి చెప్పాలి. అన్నిటికన్నా దూరం పల్లెకు పోయే ఆటో బయల్దేరిన పది నిమిషాలకు వెనక్కి వచ్చేసింది. వంక దాటాక మలుపులో కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినిపించిందట. ఫారెస్టు ట్రాకరు ఒకాయన ముందే వీళ్ళకు చెప్పి ఉన్నాడు: చప్పుడు వింటే ముందుకు పోవద్దు, హారన్ కొట్టొద్దు, లైట్లు వాటి మీదికి వేయొద్దు, టపాసుల జోలికి అసలు పోవద్దు, వచ్చిన దారినే నిదానంగా వెనక్కి రండి అని. డ్రైవరు సరిగ్గా అదే చేశాడు. ఆటో తిప్పడానికి అక్కడ చోటు లేదు. దగ్గర దగ్గర అర కిలోమీటరు రివర్స్‌లోనే వచ్చాడు, ఒక పిల్ల దిగి వెనక టార్చ్ నేలకు పట్టి దారి చూపిస్తూ నడిచిందట. ఆ పిల్ల పేరు పక్కనే నేను "శ్రద్ధ లేదు" అని రాసింది.

ఆ రాత్రి తొమ్మిదింటి దాకా ఆరుగురు పిల్లలు, డ్రైవరు, నేను, హెడ్మాస్టరు గారు ఆఫీసు రూములో కూర్చున్నాం. ఆయన ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి పిల్ల చేత మాట్లాడించారు. నాకు లోపల వణుకు ఆగడం లేదు. పిల్లలు మాత్రం పుటాకార దర్పణం కిరణ చిత్రాలు గీసుకుంటూ కూర్చున్నారు. ఒకమ్మాయి బయాలజీ రికార్డు మీద తల పెట్టి నిద్రపోయింది. గుంపు గుట్ట ఎక్కేసింది, రావచ్చు అని ట్రాకరు ఫోన్ చేశాక, మిగతా రెండు ఆటోలు కూడా వచ్చాయి. ఆరుగురు పిల్లలకు మూడు ఆటోలు. ఎవరూ రమ్మనలేదు వాళ్ళను. ఆ ట్రాకరుకు కూడా ఇక్కడే నా నమస్కారం. ఆయన ముఖం ఇంతవరకూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు.

ఎర్ర పెన్ను రాతను మర్నాడు తెల్ల కాగితం అంటించి మూసేశాను. పిల్లలు చూశారు. ఏమీ అనలేదు.

ఇంక గుగ్గిళ్ళ అవ్వ. స్కూలు ఎదురింట్లో ఉంటుంది. మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు ఆరున్నర దాకా ఏమీ లేకుండా కూర్చుంటారని ఎవరో చెప్పారట. ఒక రోజు అయిదింటికి పెద్ద సత్తు గిన్నె నెత్తిన పెట్టుకుని నేరుగా క్లాసులోకే వచ్చేసింది. నేను త్రికోణం గీస్తున్నాను బోర్డు మీద. "ఏమ్మా, ఖాళీ కడుపుతో చదివితే యాడ ఎక్కుతాది?" అని నన్నే అడిగింది, పిల్లల ముందే. ఆ రోజు నుంచి సోమవారం చెనక్కాయలు, మంగళవారం అలసందలు, మధ్యలో ఎప్పుడైనా శనగలు. పడితో కొలిచి ఉడికించేది. డబ్బులు ఇవ్వబోతే గిన్నె వెనక్కి తీసుకుపోతానంది. సరుకు అవ్వ ఒక్కతే పెట్టలేదు, నాలుగు ఇళ్ళవాళ్ళు మూటలు ఇచ్చారని తెలుసు, ఏ ఇంటివాళ్ళు ఎంతిచ్చారో మాత్రం అవ్వ చెప్పదు. ఉప్పు కాస్త ఎక్కువ వేస్తుంది. ఆ సంగతి చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

లెక్క కూడా చెప్పాలి, డబ్బు ఇచ్చినవాళ్ళు అడక్కపోయినా. మా స్కూలు 2004–05 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు బెంగళూరు, చెన్నై, కువైట్ నుంచి పోగేసి 18,000 రూపాయలు పంపారు. రోజుకు ఆటోకు 60 చొప్పున మూడు ఆటోలకు 46 రోజుల డీజిలు 8,280. క్లాసుకు ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించి, రెండు టార్చిలు కొన్నది 4,600. మోడల్ పేపర్ల జిరాక్సులకు 3,900. మిగిలింది 1,220. బిల్లులు ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఆ 1,220 తొమ్మిదో తరగతి వాళ్ళ గాదంకి ట్రిప్పుకు వాడాం. ఫిబ్రవరి చివర్లో, సైన్స్ డే వారంలో, అనుమతి తీసుకుని నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీకి, అంటే అక్కడున్న వాతావరణ పరిశోధన కేంద్రానికి, వెళ్ళాం. బస్సు ఇచ్చింది పక్క ఊరి ప్రైవేటు స్కూలువాళ్ళు. అవును, అడ్మిషన్ల సీజన్లో మాతో పోటీ పడేవాళ్ళే. డ్రైవరుతో సహా పంపారు, డీజిలు మాత్రం మాది. తక్కువ పడిన 180 హెడ్మాస్టరు గారు వేశారు. జూన్‌లో మళ్ళీ పోటీ ఉంటుంది, కానీ ఈ మాట ఇక్కడ రాసి పెట్టడం న్యాయం.

చిత్తూరు–తిరుపతి దారిలో వందసార్లు పోయిన పిల్లలకు కూడా ఆ గుట్టల మధ్య ఏముందో తెలియదు. ఎంఎస్‌టీ రాడార్ ఆవరణలోకి అడుగు పెట్టగానే ఒక పిల్లాడు, "టమాటా తోటకు కట్టెలు నాటినట్టుంది మేడమ్" అన్నాడు. నిజంగానే అలాగే ఉంది, వరసల్లో నిలబెట్టిన 1,024 యాంటెన్నాలు. మదనపల్లెకు టమాటా తోలే ఇంటి పిల్లాడు వాడు. 53 మెగాహెర్ట్జ్ తరంగాల్ని పైకి పంపి, గాలి కదలికల నుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకుని, ఎన్నో కిలోమీటర్ల పైన గాలి ఎటు వీస్తోందో చెప్తుందని అక్కడి శాస్త్రవేత్త ఒకరు తెలుగులో, ఓపిగ్గా, మూడుసార్లు చెప్పారు. చుట్టూ గుట్టలు ఉండటం వల్ల బయటి రేడియో గోల తగ్గుతుందట. 1,024 ఎందుకు, వెయ్యి పెట్టొచ్చు కదా అని ఒకమ్మాయి అడిగింది. ముప్పై రెండు వరసలు, వరసకు ముప్పై రెండు. వెంటనే వెనక నుంచి ఎవరో "రెండు పవర్ పది!" అని అరిచారు. మా లెక్కల సార్ ముఖం చూడాలి అప్పుడు. ఆ శాస్త్రవేత్తకు, గేటు దగ్గర మా 38 మంది పేర్లూ విసుక్కోకుండా రాసుకున్న సెక్యూరిటీ ఆయనకూ ధన్యవాదాలు.

పరీక్షల రోజుల్లో సెంటరు వేరే ఊళ్ళో పడింది. హాల్ టికెట్ చూపిస్తే ఆర్టీసీలో ఉచితమే కాబట్టి ఉదయం ఇబ్బంది లేదు. అయినా మొదటి రోజు ఆ మూడు ఆటోలూ బస్సు వెనకాలే సెంటరు దాకా వచ్చాయి. బస్సు చెడిపోతే అని. ఏ రోజూ చెడిపోలేదు. మధ్యాహ్నం 12:45కి పిల్లలు బయటికి వచ్చినప్పుడు పెద్దాయన మొదటగా అడిగింది, "హాలోజన్లు వచ్చినారా?"

ఫిజికల్ సైన్స్ పేపరు రోజు కాదు అది. తెలుగు పేపరు.

ఒక్క విన్నపం. అవ్వ గుగ్గిళ్ళ గిన్నె స్టాఫు రూము బీరువా పైన ఉంది. నేనే కడిగి పెట్టాను. సెలవుల్లో అవ్వ మనవడు వచ్చి తీసుకుపోవచ్చు, తాళం ఆయమ్మ దగ్గర ఉంది. మూత మాత్రం కనపడటం లేదు, వెతుకుతున్నాం.