ఈ ఏడాది మన సంఘం పనులు, ముట్టుకాడు హేచరీ యాత్ర

సభ్యులందరికీ నమస్కారం. ఉగాదికి దేవుని కడపలో మజ్జిగ పంపిణీ, వానలకు ముందు కాల్వల పూడికతీత, వినాయక చవితి అన్నదానం ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు ఆఫీసు గోడకు అంటించాం, చూసుకోండి. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది దసరా సెలవుల్లో చెన్నై దగ్గర ముట్టుకాడులోని హేచరీకి, అంటే చేపల చేత గుడ్లు పెట్టించి పిల్లలు తీసే కేంద్రానికి, వెళ్లొచ్చిన సంగతి.

సముద్రమే లేని కడప జిల్లావాళ్లకు ఉప్పునీటి హేచరీతో ఏం పని అని మీటింగులో కొందరు అడిగారు. పని ఉంది. అక్కడ పిల్లలు తీసే పండుగప్ప చేప గుడ్లు పెట్టాలంటే ఉప్పునీళ్లు కావాలి గానీ, పెరగడానికి మంచినీటి చెరువైనా చాలు. మనలో చెరువులున్నవాళ్లు ఎప్పుడూ బొచ్చె, శీలావతే వేస్తున్నారు. అందుకే ఆ హేచరీ నడిపే సీబా అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థకు ముందే లేఖ రాసి, అనుమతి వచ్చాక రాత్రి బస్సులో బయల్దేరాం. మన దేశంలో పండుగప్ప చేత హేచరీలో మొదటిసారి గుడ్లు పెట్టించింది వీళ్లే, 1997లో.

తల్లిచేపల ట్యాంకు దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. ఈ చేప ముందు మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. హార్మోన్ సూది వేస్తే గుడ్లు పెడుతుంది, బాగున్న గుడ్లు పైకి తేలతాయి, పాడైనవి అడుక్కి దిగుతాయి, ఒక రోజు తిరక్కముందే పిల్లలు బయటికొస్తాయి. అక్కడి ఆయన బీకరుతో నీళ్లు ముంచి వెలుతురుకు పట్టి చూపించాడు. మొదట ఏమీ కనబడలేదు, కాసేపటికి సన్నగా కదిలే గీతలు, వాటికి నల్లటి చుక్కల్లా కళ్లు. వీటికి తొలి మేత రోటిఫర్లనే కంటికానని జీవులు, తర్వాత ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల్లాంటి జీవులు. ఆ రోటిఫర్లకు మళ్లీ పచ్చటి నాచునీళ్లు కావాలి, అంటే పిల్లలు పుట్టేలోపే వాటి తిండిని పెంచి సిద్ధంగా ఉంచుకోవాలి. హేచరీలో సగం కష్టం ఇదేనని మాకు అర్థమైంది.

మిగతా సగం పిల్లలు కొంచెం ఎదిగాక. పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది! ఒక పిల్ల నోట్లోంచి ఇంకోదాని తోక బయటికి వేలాడటం మేం కళ్లారా చూశాం. అందుకే కొద్దిరోజులకోసారి సైజులవారీగా వేరుచేస్తూనే ఉండాలి.

చెరువున్న సభ్యులు దయచేసి తొందరపడి బొచ్చె పిల్లల మధ్యలో వీటిని వదలకండి, బొచ్చె పిల్ల ఒక్కటీ మిగలదు. నర్సరీలో పెరిగి, గుళికల మేతకు, మంచినీళ్లకు అలవాటుపడ్డ పిల్లలనే తెచ్చుకోవాలి, విడిగా వేసుకోవాలి. వేయాలనుకున్నవాళ్లు కార్యదర్శికి పేర్లివ్వండి, సీడ్ (చేపపిల్లల) కోసం అందరం కలిసి అడుగుదాం.