సైడ్ బ్యాగులు బండికి కట్టి చూపించి అమ్మండి

సంపాదకులు గారికి,

బైకుల మీద లడఖ్ వెళ్లే కుర్రాళ్లు సామాన్లు ఎలా సర్దుకుంటారో మీ ఆదివారం పేజీలో చదివాను. బాగానే ఉంది. అయితే బండికి రెండు పక్కలా సంచులు వేసుకుని తిరిగేది వాళ్లొక్కరే కాదు. నేను నారాయణపేటలో మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తీసుకుని మరికల్, దేవరకద్ర, మక్తల్, కోస్గి షాపులకు బండి మీదే వేస్తుంటాను. పాలవాళ్లకు ఇనుప ఫ్రేమ్ తప్పదు. బట్టలకు మెత్తటి సంచులే నయం. మడత చెడదు, ఖాళీ అయ్యాక చుట్టి పక్కన పెట్టుకోవచ్చు. కానీ అమ్మేవాళ్లు ఎన్ని లీటర్లు, ఎంత డిస్కౌంట్ అన్నవి తప్ప ఇంకేం చెప్పరు.

గట్టిగా అడిగితే ‘1000 డెనియర్ నైలాన్ అన్నా, వాటర్‌ప్రూఫ్’ అంటారు. డెనియర్ మా నేతలో పట్టుకూ వాడే లెక్కే. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అది దారం లావు చెబుతుంది, అంతే. లావు దారం రాపిడికి ఆగుతుంది, నిజమే. నీళ్లను ఆపేవి మాత్రం లోపలి పూత, కుట్లు. సంచి తిరగేసి చూడండి. సూది దిగిన ప్రతిచోటా చిల్లి ఉన్నట్టే కాబట్టి కుట్ల మీద టేపు అతికి ఉండాలి. కుట్టే లేకుండా వేడితో అతికించిన పీవీసీ సంచి, అదీ జిప్పు కాకుండా మూతిని మూడు చుట్లు చుట్టి బకిల్ పెట్టేదైతే ఇంకా మంచిది. పైన తొడిగే రెయిన్ కవర్ గాలికి ఉబ్బి ఊడిపోతుంది. తేమ తగిలితే జరీ నల్లబడుతుంది, ఇక ఆ చీర ఎవరికి చూపిస్తాం? తోలులా మెరిసే రెక్సిన్ సంచులు బుల్లెట్‌కు అందమే గానీ పాలమూరు ఎండకు పగుళ్లిస్తాయి.

వాన సంగతి అలా ఉంచితే, నాకు అసలు టెన్షన్ సైలెన్సర్‌తోనే. ఖాళీ సంచి దానికి జానెడు పైన నిలబడుతుంది. బరువు పడ్డాక జారుతుంది, గుంతలో పడితే ఇంకాస్త దిగుతుంది. పాలిస్టర్ కరగడానికి 250 డిగ్రీల పైచిలుకు కావాలి గానీ అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. తెలిసిన వ్యాపారి ఒకాయనకు సంచి అడుగు ఇలాగే కాలి, కింది వరస చీరల అంచులు మాడిపోయాయి. అందుకే సంచి ఆనడానికి రెండు పక్కలా స్టే రాడ్లు ఉండాలి. వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. చాసిస్‌కు మాత్రం వెల్డింగ్ పెట్టనివ్వకుండా ఉన్న బోల్టులకే బిగించమనాలి.

ఎడమ పక్కది ఇంకో తంటా. మన ఆడవాళ్లు చాలామంది చీరతో ఒక పక్కకే కూర్చుంటారు. కాళ్లు పెట్టుకునే చోట సంచి వేలాడితే ఎక్కడ పెట్టుకోవాలి? కొందరు సంచి కుదరడం లేదని శారీ గార్డే పీకేస్తున్నారు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. రూలు మాట అటుంచినా, కొంగు చక్రంలో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంటామెను ఎక్కించుకునే రోజు నేను పక్క సంచులు తీసేసి వెనక క్యారియర్ మీద చిన్న బ్యాగు కడతాను.

ఇంకొకటి, మొదటి షాపులో ఒక పక్క సంచే ఖాళీ చేస్తే తర్వాత దారంతా బండి రెండో పక్కకు లాగుతుంది. రెండింట్లోంచీ సమానంగా తీయాలి. మిగిలిన పట్టీ కొసలు వేలాడకుండా దోపుకోవాలి.

షాపుల వాళ్లకు నా మనవి: కొనేవాడి బండి మీ గుమ్మం ముందే ఉంటుంది. సంచిలో ఏదైనా బరువు వేసి, బండికి కట్టి, వెనక ఒక మనిషిని కూర్చోబెట్టి గట్టిగా కుదిపి చూపించండి. ఇండికేటర్లు మూసుకుపోతున్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. కంపెనీలు ఒక్కో పక్క ఎన్ని కిలోలు వేయొచ్చో లీటర్ల పక్కనే అచ్చు వేయాలి. మీరు కూడా ఒక ఆదివారం మాలాంటి వాళ్ల బండ్ల గురించి రాయండి. ఫొటోలు కావాలంటే నేను పంపిస్తాను.

– చేనేత చీరల వ్యాపారి, నారాయణపేట