ఆరుబయట నిద్ర: పైన కప్పుకునేదాని కంటే కింద పరిచేది ముఖ్యం

సంపాదకుల వారికి నమస్కారం.

చలికాలం వచ్చిందంటే బ్రిటన్‌లో ఇళ్లు లేనివారి కోసం విరాళాలు పోగుచేసే ‘స్లీప్ అవుట్’ రాత్రులు మొదలవుతాయి. స్టేడియంలోనో, పార్కులోనో, చర్చి ఆవరణలోనో ఒక రాత్రి ఆరుబయట పడుకుంటామని కొందరు ముందుకొస్తే, వాళ్ల స్నేహితులు, తోటి ఉద్యోగులు తలా కొంత సేవా సంస్థకు ఇస్తారు. ఇక్కడి తెలుగు విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు కూడా జట్లుగా పేర్లు ఇస్తున్నారు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫొటోలు చేరతాయి, పత్రికల ప్రవాస పేజీల్లో అప్పుడప్పుడు వార్తలూ వస్తాయి. ఎంత వచ్చింది, ఎవరికి చేరింది, ఆ చలిని మనిషి ఎలా తట్టుకోవాలి అన్న సంగతులు మాత్రం వాటిలో కనిపించవు. అందుకే ఈ ఉత్తరం.

స్కాట్లాండ్‌లో ఈ రాత్రులకు పెద్ద ఊపు వచ్చింది 2017 డిసెంబరు 9న. శాండ్‌విచ్ దుకాణంగా మొదలై సేవా సంస్థగా ఎదిగిన ‘సోషల్ బైట్’ పిలుపు మీద సుమారు 8 వేల మంది ఎడిన్‌బరా ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్‌లో గడ్డకట్టే చలిలో పడుకున్నారు. దాదాపు 40 లక్షల పౌండ్లు వచ్చాయి. మరుసటి ఏడాది గ్లాస్గో, డండీ, అబర్దీన్ కూడా జతయ్యాయి. 2019 డిసెంబరు 7న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌తో పాటు పలు దేశాల నగరాల్లో జరిగింది. స్కాట్లాండ్‌లో వచ్చిన సొమ్ము ‘హౌసింగ్ ఫస్ట్’ పథకానికి ఊతమిచ్చింది. ముందు తాగుడు మానెయ్, ముందు పని వెతుక్కో అని వీధిలో ఉన్న మనిషికి షరతులు పెట్టకుండా, మొదట ఇంటి తాళం చేతికిచ్చి, వైద్యం, సలహా, తోడు ఆ తర్వాత అందించే పద్ధతి అది. ఆరుబయట గడిపిన రాత్రి ఒకరి ఇంటి తాళంగా మారిందంటే అంతకంటే ఏం కావాలి!

ఒక్క రాత్రి పడుకుంటే ఇల్లు లేని బతుకు అర్థమవుతుందా అని కొందరు అడుగుతారు. కాదు. కాపలా, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స చేసేవారు, తెల్లారితే వెళ్లడానికి వెచ్చని గది ఉన్న చోట పడుకున్నవారికి అది అర్థం కాదు, అర్థమైందని చెప్పుకోకూడదు కూడా. ఇది డబ్బు పోగుచేసే పని. ఆ పని క్షేమంగా, లెక్కగా జరగాలి.

క్షేమం సంగతికొస్తే, మనవాళ్లు ఎక్కువగా పొరబడేది పడక దగ్గరే. పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా ఒంట్లో వేడిని నేల లాగేసుకుంటుంది. రాతి పలకలు, కాంక్రీటు అయితే గడ్డి నేల కంటే వేగంగా లాగుతాయి. స్లీపింగ్ బ్యాగ్‌లోని దూదిలాంటి మెత్తలో నిలిచే గాలే మనకు వెచ్చదనం. మన బరువుకు వీపు కింది ఆ మెత్త అణిగిపోతే ఆ గాలి ఉండదు. కాబట్టి అడుగున అట్టలు కావాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అమ్మే దుకాణాల్లో పెద్ద అట్టపెట్టెలు అడిగితే ఇస్తారు. మనిషికి రెండు చాలు. పిన్నులు, టేపు పీకేసి, విప్పి, కనీసం మూడు వరసలు వచ్చేలా పరవాలి. ఇటుకలు పేర్చినట్టు ఒక వరస అతుకు మీద పై వరస మధ్యభాగం రావాలి, లేదంటే ఆ సందులోంచి చలి సూటిగా నడుముకు తగులుతుంది. అట్టల మీద ఫోమ్ చాప, దాని మీద స్లీపింగ్ బ్యాగ్. గాలి ఊది నింపే మామూలు పరుపు ఈ పనికి రాదు. లోపలి గాలి అటూ ఇటూ కదులుతూ వేడిని కిందికి చేరవేస్తుంది.

తడిసిన అట్ట ఎందుకూ కొరగాదు. వాన పడే సూచన ఉంటే అట్టల కింద పాలిథిన్ పట్టా వేయాలి, అయితే దాని అంచు అట్టల బయటికి రాకూడదు. బయటికి వచ్చిందంటే పైనుంచి పడే నీళ్లు ఆ అంచు మీద నిలిచి, నేరుగా పడక కిందికి పారతాయి. నాలుగు వైపులా లోపలికి మడవాలి. స్థలం ఎంచుకునేటప్పుడు పల్లం వదిలేసి కాస్త మెరక చూసుకోవాలి, తల గాలికి ఎదురుగా లేకుండా పడుకోవాలి.

స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు లేబుల్ మీద మూడు అంకెలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. చూడాల్సింది మొదటిది. చివరి అంకె ప్రాణం నిలబెట్టుకునే హద్దును చెబుతుంది, నిద్రపోగల హద్దును కాదు. తక్కువ ధర బ్యాగుల మీద ఆ చివరి అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తారు. ‘మైనస్ 5’ అని చూసి కొనుక్కొచ్చిన విద్యార్థి సున్నా డిగ్రీల దగ్గరే రాత్రంతా వణుకుతాడు. మంచిది కొనే స్తోమత లేకపోతే రెండు మామూలు బ్యాగులు ఒకదానిలో ఒకటి దూర్చుకోవచ్చు. తల లోపలికి ముడుచుకుని ఊపిరి పీల్చకూడదు. ఆ తేమ బ్యాగ్‌లోనే చేరి తెల్లవారుజాముకు లోపల తడిసిపోతుంది. అత్యవసరంలో వాడే నారింజ రంగు ప్లాస్టిక్ సంచిలో (సర్వైవల్ బ్యాగ్) దూరి మూతి బిగించుకుంటే కూడా ఇదే జరుగుతుంది. ముక్కు, నోరు బయట ఉంచి, మిగతా తలకు మంకీ క్యాప్ వేసుకోండి. అమ్మ ఊరి నుంచి పెట్టిచ్చిన ఉన్ని మంకీ క్యాప్‌కు మించింది ఈ పనికి లేదు.

జీన్స్, కాటన్ బనియన్లు చెమటను పట్టుకుని ఒంటిని చల్లబరుస్తాయి. ఉన్నివి గానీ, త్వరగా ఆరే సింథటిక్‌వి గానీ వేసుకోవాలి. పడుకునే ముందు పొడి సాక్సులు మార్చుకోవాలి. రెండు జతలు బిగుతుగా తొడిగితే రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి, ఒక వదులు జత నయం. కడుపునిండా తిని రావాలి. మద్యం వద్దు. అది చర్మానికి వెచ్చగా అనిపింపజేస్తూనే లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. మూత్రం వస్తే బద్ధకించకుండా లేచి వెళ్లిరావాలి, ఆపుకుని పడుకుంటే నిద్ర పట్టదు. తెల్లవారుజాము దాకా చలి పెరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. డిసెంబరు మధ్యలో ఎడిన్‌బరాలో సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నర దాటాక గానీ రాడు.

ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు వెళితే ప్రమాదం. వణుకు ఆగకపోవడం, మాట ముద్దముద్దగా రావడం, జిప్పు కూడా పెట్టుకోలేకపోవడం, తడబడుతూ నడవడం దాని గుర్తులు. వణికి వణికి ఒక్కసారిగా వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా ఉంటే తగ్గిందనుకోవద్దు, ముదిరింది. వెంటనే బ్రిటన్ అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి, లోపలికి తీసుకెళ్లి, తడి బట్టలు తీసి, దుప్పట్లు చుట్టాలి. పూర్తి స్పృహలో ఉంటేనే వెచ్చని తీపి పానీయం ఇవ్వాలి. చేతులు కాళ్లు రుద్దకూడదు, వేడినీళ్ల స్నానం చేయించకూడదు. ఉబ్బసం, గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా పేరు ఇవ్వవద్దు. చాలా సంస్థలు ఇంట్లో నేల మీదో, కారులోనో పడుకున్నా ఒప్పుకుంటాయి, విరాళం విలువ ఏమీ తగ్గదు.

నిర్వాహకులు స్థలం యజమాని రాతపూర్వక అనుమతి, బీమా, వచ్చినవారి పేర్ల పట్టీ, రాత్రంతా ఇద్దరిద్దరు చొప్పున తిరిగే వాలంటీర్లు, ఎప్పుడైనా వెళ్లి కూర్చోగల ఒక వెచ్చని గది చూసుకోవాలి. డేరాల్లో బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి పెట్టనివ్వకండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపేస్తుంది. తెల్లారాక నిద్రలేమితో ఎవరినీ కారు నడపనివ్వకండి. ఆ రాత్రిలోకెల్లా పెద్ద ముప్పు ఇంటికి వెళ్లే దారిలోనే ఉంది.

ఇక డబ్బు. బ్రిటన్‌లో పన్ను కట్టేవారు ఇచ్చే ప్రతి పౌండుకు ‘గిఫ్ట్ ఎయిడ్’ కింద ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. అయితే పన్ను కట్టని విద్యార్థులు, ఇండియా నుంచి పంపే బంధువులు విరాళం ఫారంలోని ఆ గడిలో టిక్ పెట్టకూడదు. పన్ను కట్టకుండా టిక్ పెడితే ఆ తేడా సొమ్మును పన్నుల శాఖ దాత నుంచే అడుగుతుంది. ఫలానా సంస్థ కోసమని వసూలు చేసినది ఆ సంస్థకే చేరాలి. ఆ సంస్థ రిజిస్టర్డ్ నంబరు చూసుకోండి, స్కాట్లాండ్‌లో అయితే అది ‘ఎస్‌సీ’తో మొదలవుతుంది. వీధిలో డబ్బా పట్టుకుని అడగాలంటే చాలాచోట్ల కౌన్సిల్ అనుమతి వేరే కావాలి.

ఇక్కడ వసూలు చేసి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న నైట్ షెల్టర్‌కు పంపుదామనుకునేవారు విదేశీ విరాళాల చట్టం చూసుకోవాలి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ (భారత సంతతి) కార్డు ఉన్నవారు పంపేది, ఇక్కడి సంఘం ఖాతాలో పోగుచేసి పంపేది విదేశీ విరాళమే. అది తీసుకునే సంస్థకు ఆ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి, సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని నిర్దేశిత ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించడానికి వీల్లేదు. ‘మాకు పంపండి, మేం వాళ్లకిస్తాం’ అన్న మాట నమ్మి పంపితే చివరికి ఇబ్బంది పడేది షెల్టరే.

మన ఊళ్లలోనే ఇలాంటి రాత్రి పెడదామని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. పెట్టవచ్చు, ఫుట్‌పాత్ మీద మాత్రం వద్దు. నీలోఫర్, ఉస్మానియా ఆసుపత్రుల బయట రోగుల బంధువులు పడుకునే జాగా అది, ఒక్క రాత్రికైనా వాళ్లను జరపడం తగదు. కాలేజీ మైదానం చాలు. అక్కడ చలి కంటే దోమలు, కుక్కలు ఎక్కువ ఇబ్బంది పెడతాయి, దోమతెరలు, కాపలా సిద్ధం చేసుకోవాలి. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున చోటివ్వాలని ఇలాంటి షెల్టర్ల కోసం వచ్చిన కేంద్ర పథకం మార్గదర్శకాలు అన్నాయి. మీ ఊరి షెల్టర్‌కు వెళ్లి ఆ కొలతతో పోల్చి చూసి, ఏం తక్కువైందో నడిపేవారిని అడిగి, ఆ వస్తువు కోసమే వసూలు చేయండి. ఎక్కువమంది తెచ్చిచ్చేవి దుప్పట్లే. వాటిని ఉతికించే ఖర్చు, సామాను దాచుకునే తాళపు పెట్టెలు, బాత్రూమ్ మరమ్మతు ఎవరికీ గుర్తుకు రావు. ఇండియాలో రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు కనుక బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ఇక పత్రికకు ఒక విన్నపం. ఈ శీతాకాలం ఇలాంటి రాత్రి గురించి వార్త వేసినప్పుడు ఫొటో పక్కనే మూడు అంకెలు కూడా అచ్చువేయండి: మొత్తం వచ్చినది ఎంత, ఏర్పాట్లకు పోయినది ఎంత, సంస్థకు చేరినది ఎంత. నిర్వాహకులు చెప్పలేకపోతే, చెప్పేదాకా వార్త ఆపండి.

ఇట్లు,
శీతాకాల విరాళాల సేకరణలో వాలంటీర్లుగా పనిచేస్తున్న కొందరు తెలుగువాళ్లం,
ఎడిన్‌బరా