తుమ్మెదల లెక్క, నాన్న గడియారం

తల్లిదండ్రులకు నమస్కారం.

"లెక్కల పీరియడ్‌లో పదో తరగతి పిల్లలతో ప్రేమ కవితలు రాయిస్తున్నారట?" అని పోయిన వారం మీలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజమే, రాయిస్తున్నాం. ఎందుకో చెబుతాను.

వర్గ సమీకరణాలు మొదలుపెట్టిన రోజు మా లెక్కల సారు బోర్డు మీద ముందుగా ఒక శ్లోకం రాశారు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లెక్కల పుస్తకం 'లీలావతి'లోది. ఒక తుమ్మెదల గుంపు. అందులో సగానికి వర్గమూలం ఎంతో అన్ని మాలతీపూల మీదికి వెళ్లాయి. మొత్తంలో తొమ్మిదింట ఎనిమిది వంతులు కూడా అటే పోయాయి. ఇక మిగిలింది ఒక్క జంట. వాసనకు ఆశపడి మగ తుమ్మెద తామరలో దూరింది, రాత్రికి రేకులు ముడుచుకుపోయాయి. అది లోపల ఝుమ్మంటుంటే ఆడ తుమ్మెద బదులు పలుకుతోంది. 'ప్రతిరణతి రణంతం' అన్నాడు కవి. పైకి చదివి చూడండి, రెండు గొంతులూ వినిపిస్తాయి. ఆ వెంటనే, కాంతా, తుమ్మెదలెన్నో చెప్పు అంటాడు!

సగాన్ని ఒక సంఖ్యకు వర్గం అనుకుని సమీకరణం కడితే ఆ సంఖ్య 6 అయినా కావాలి, మైనస్ ఒకటిన్నర అయినా కావాలి. తుమ్మెదలు మైనస్‌లో ఎగరవు కనుక 6. సగం 36, మొత్తం 72. అందులో 6, 64 పోతే మిగిలేది ఆ రెండే. జవాబు వచ్చాక కూడా ఒక అమ్మాయి కూర్చోలేదు. "సార్, తెల్లారితే పువ్వు విచ్చుకుంటుంది కదా?" అంది.

అప్పుడే అనుకున్నాం, పిల్లలతోనూ రాయించాలని. తెలుగులో పావులూరి మల్లన వందల ఏళ్ల కిందటే గణితాన్ని పద్యాల్లో చెప్పాడు, మనకిది కొత్త కాదు. ఇష్టమైన మనిషి మీద, ఒక్క లెక్క మాటతో, నాలుగు పంక్తులు. 'అనంతం' మాత్రం వాడొద్దన్నాం, అది అందరికీ చప్పున తోచే మాట.

అక్కకూ తనకూ మధ్య ఎన్నేళ్లయినా మారని మూడేళ్ల తేడా గురించి ఒకమ్మాయి రాసింది. ఇంకో అబ్బాయి రాసింది వాడి అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

నాన్న గడియారం
నా గడియారం మైనస్ గంటన్నర.
నాకు నిద్రొచ్చేటప్పుడు నాన్న వంట మొదలుపెడతాడు.
రోజూ ఆ గంటన్నర మేలుకునే ఉంటా.

స్టాఫ్ రూమ్‌లో దీన్ని చదివాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

శనివారం నోటుబుక్కులు ఇంటికొస్తాయి. మార్కులు వేయలేదు, మీరూ అడగకండి. కూర్చుని చదవండి, చాలు. దూరాన ఉన్నవారికి ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాం. దుబాయ్‌లో ఉన్నవారికి మాత్రం ఇక్కడ రాత్రి పదిన్నరకు, అక్కడ తొమ్మిదికి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు