సరుకుల అలమరకు తేదీలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వంటింటిని సర్దుకోవడం గురించి ఈమధ్య పత్రికల ఆదివారం సంచికల్లో వస్తున్న వ్యాసాలను ఆసక్తిగా చదువుతున్నాను. ఒకే కొలత గాజు సీసాలకు, వాటిమీది ముచ్చటైన చీటీలకు, రంగుల వరుసకు ఇస్తున్న చోటులో పదోవంతైనా ఆ సీసాలో పోసిన పప్పు ఎన్నాళ్లు నిలుస్తుందన్న విషయానికి ఇవ్వడం లేదన్నది నా ఫిర్యాదు. నేను కనిగిరి వైపు మెట్టపల్లెలో పుట్టి, పెళ్లయి నెల్లూరు వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడ వంటిల్లు నడుపుతున్నదాన్ని. పుట్టింట్లో ఏడాది పొడవునా గలగలలాడుతూ నిలిచిన కందిపప్పు, నెల్లూరులో కార్తీకం దాటేసరికి మెత్తబడి, మరో నెలకు పుచ్చిపోవడం కాపురానికి వచ్చిన మొదటి ఏడే చూశాను.

మన జిల్లాకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలల చెమ్మను లెక్కలోకి తీసుకోని సలహా ఏదైనా ఇక్కడి అలమరకు పనికిరాదు. బియ్యంలో కనిపించే ముక్కుపురుగు ఎక్కడినుంచో పాకి వచ్చిందనుకుంటాం గానీ, తల్లిపురుగు గింజకు చిన్న తొర్ర చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. మన ఉక్కకు సుమారు నెల రోజుల్లో అది పెరిగి గింజను తొలుచుకుని బయటికి వస్తుంది. అందువల్ల ఖరీదైన డబ్బా కొని మూత బిగించినంత మాత్రాన లోపల ఉన్నది ఆగదు. కొత్త సరుకును పాత సరుకు మీద పోయకుండా, డబ్బా అడుగు దులిపి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి పోసుకోవడమే అన్నిటికంటే ముఖ్యమైన పని. మా అత్తగారు డ్రమ్ము అడుగు కనబడేదాకా కొత్త బస్తా కుట్టు విప్పనిచ్చేవారు కాదు.

ఇక్కడే చిన్న చిక్కు వచ్చిపడింది. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న బియ్యం ప్యాకింగులకు 5 శాతం జీఎస్టీ వేసిన తరువాత అంగళ్లలో 26 కిలోల బస్తాలు కనబడసాగాయి. పాతిక కిలోలు పట్టే డ్రమ్ము ఉన్న మా బోటివాళ్లకు ప్రతిసారీ ఒక కిలో మిగిలిపోయి, మూతి కట్టిన సంచిలో ఏదో మూలకు చేరుతుంది, పురుగు మొదట పట్టేది ఆ కిలోకే. ఆ కిలోనే ముందుగా వండుకుంటే సరిపోతుందని తట్టడానికి నాకు రెండేళ్లు పట్టిందని ఒప్పుకోక తప్పదు.

పప్పులను వానలకు ముందు ఒకసారి ఎండలో పోసి, చల్లారిన తరువాతే డబ్బాకెత్తాలి. వేడి మీద ఎత్తితే లోపల ఆవిరి పట్టి మొదటికే మోసం వస్తుంది. బియ్యాన్ని మాత్రం ఎండకు పెట్టకూడదు, గింజ చిట్లి నూకలవుతుంది, నీడలోనే ఆరబోయాలి. కందులకు పలుచగా ఆముదం రాయడం, బియ్యంలో బాగా ఎండిన వేపాకు వేయడం మన పెద్దవాళ్లు చేసినవే, ఇప్పటికీ పనికివచ్చేవే. వీటికి బదులు గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళికలను గుడ్డలో చుట్టి ఇంటి డ్రమ్ములో పడేయడం మా బంధువుల ఇంట్లోనే చూసి హడలిపోయాను. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటినుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. మనుషులు నిద్రపోయే ఇంట్లో వాటిని వాడనే కూడదు. దయచేసి ఈ ఒక్క మాటనైనా మీరు పెద్ద అక్షరాలతో వేయండి.

ఇక చీటీల సంగతి. డబ్బా మీద సరుకు పేరు రాయడం నాకు విచిత్రంగా తోస్తుంది, ఎందుకంటే కందిపప్పును చూసి శనగపప్పు అనుకునేవాళ్లు మన ఇళ్లలో ఎవరూ లేరు. రాయవలసింది కొన్న తేదీ. ప్యాకెట్టు మీద తయారీ తేదీ, గడువు అచ్చువేసి ఉన్నా, సరుకును డబ్బాలో పోసి కవరును చెత్తబుట్టలో వేసే క్షణంలోనే ఆ వివరం కూడా పోతోంది. విడిగా తూచి ఇచ్చే సరుకుకైతే అసలు తేదీయే లేదు. కొత్త బియ్యం ముద్దవుతాయి గనుక వాటిని కొన్ని నెలలు ఆగనివ్వడం మంచిదే గానీ, రవ్వ, శనగపిండి, వేరుశనగ గుళ్లు, ధనియాల పొడి అలా ఆగవు.

ఎక్కడ పెట్టాలన్నదీ అంతే ముఖ్యం. పొయ్యి పైన ఉన్న అరలో కారం, పసుపు పెట్టుకుంటే చేతికి అందుతాయి, కానీ రోజూ ఆవిరి తగిలి గడ్డకడతాయి. కారాన్ని గాజు సీసాలో వెలుతురుకు పెడితే ఎరుపు పోతుంది. రాళ్లుప్పు, చింతపండు జాడీలోకే, ఇనుము, అల్యూమినియం వాటికి పడవు. మైపాడు వైపు నుంచి తెచ్చుకునే ఎండు నెత్తళ్లు, రొయ్యపొట్టు మూత గట్టి డబ్బాలో, వీలైతే వంటిల్లు దాటి, వెనక వరండాలో ఉండాలి. లేకపోతే ఆ వాసన టీపొడికి ఎక్కుతుంది. సింకు కింది అలమరలో తినే సరుకు ఏదీ ఉండకూడదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరులోని లోతట్టు ఇళ్లలో ముందుగా పాడైనవి కింది అరల్లోని బస్తాలే.

సెంటు స్థలం, అంటే 48 చదరపు గజాలలో కట్టుకున్న ఇంట్లో వేరే సామాన్ల గది ఊహించలేము, నిజమే. అటక ఉన్నా స్లాబు వేడికి మే నెలలో అక్కడి నూనె కనరు వాసన కొడుతుంది. అలాంటి ఇళ్లకు నేను చెప్పగలిగేది ఏడాది సరుకు మానుకుని, వానాకాలం మూడు నెలలూ పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనుక్కోమని. చోటున్నవాళ్లు ఏడాదికి కొనేటప్పుడు కాలం చూసుకోవాలి. కందులు జనవరి, ఫిబ్రవరి నెలల్లోను, శనగలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోను, పెన్నా డెల్టా వడ్లు మార్చి, ఏప్రిల్‌లోను వస్తాయి, ఆ వెనక ఎండలు ఉన్నాయి గనుక బాగా ఆరతాయి. రెండో పంటగా వచ్చే ఎడగారు వడ్లు వానల ముందర ఇంటికి చేరతాయి కాబట్టి తేమ 14 శాతానికి మించి ఉంటే నిలవ పెట్టుకోకపోవడమే మేలు.

వంటల పేజీలో నెలకు ఒకసారి, ఆ నెల మన వైపు మార్కెట్లకు కొత్తగా వచ్చే సరుకు ఏదో, దాన్ని ఎలా ఆరబెట్టి ఎందులో పోయాలో నాలుగు వరుసలు ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
దర్గామిట్ట, నెల్లూరు