ఇటలీలో అద్దె కారు నడిపేవారికి

సంపాదకులకు,

సెలవుల్లో ఇటలీ వెళ్లి అద్దె కారు నడుపుదామనుకునేవారు మన లైసెన్సు ఒక్కటే చాలనుకోవద్దు. దాంతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మన రవాణా శాఖే ఇస్తుంది. దరఖాస్తు ఫారం 4ఏ, గడువు మహా అయితే ఏడాది. ప్రైవేటు సైట్లు అమ్మే 'అంతర్జాతీయ లైసెన్సు' కొంటే డబ్బు దండగ.

డిపాజిట్‌కు నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు కావాలి. భార్యదో, స్నేహితుడిదో ఇస్తే చాలాచోట్ల ఒప్పుకోరు. బీమా ఉందిలే అన్న ధీమా కూడా వద్దు. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం మామూలు బీమాలోకి సాధారణంగా రావు.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు జెడ్‌టీఎల్ (వాహనాల రాకపోకలపై ఆంక్షలున్న ప్రాంతం)లోకి దూరడం. ఫ్లోరెన్స్, రోమ్ లాంటి నగరాల పాత పేటల్లోకి అనుమతి లేని కార్లు వెళ్లకూడదు. తెల్లటి పలక మీద ఎర్రటి వలయమే గుర్తు. పక్కన బోర్డు మీద 'వార్కో ఆత్తీవో' అని వెలిగితే దారి తెరిచారనుకుని కొందరు దూరిపోతారు. కెమెరా పనిచేస్తోంది, రావద్దని దానర్థం! ఎన్నిసార్లు దాటితే అన్ని జరిమానాలు, అవీ నెలల తర్వాత ఇంటికొస్తాయి. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె సంస్థ విడిగా రుసుము లాగుతుంది. హోటల్ ఆ పరిధిలోనే ఉంటే, కారు నంబరు నమోదు చేయించగలరేమో వాళ్లను ముందే అడగాలి.

బంకులో 'గజోలియో' అంటే డీజిల్, 'బెంజీనా' అంటే పెట్రోలు. ఇండికేటరు ఎడమ చేతి వైపు ఉంటుంది. మన అలవాటుకొద్దీ కుడి చేతి మీట కదిపి, మలుపు దగ్గర వైపర్లు ఆడితే కంగారుపడకండి.

— ఒక ట్రావెల్స్ నిర్వాహకుడు, విజయవాడ