కొలెస్ట్రాల్‌ను నిర్దోషిగా వదిలేయకండి

సంపాదకులకు,

గుండెపోటుకు కొలెస్ట్రాల్ కారణం కాదని, అసలు దోషి ఒంట్లోని ఇన్‌ఫ్లమేషన్ అని, అంటే లోలోపలి వాపు అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. అది నమ్మి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మానేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఈ మాటలో సగం నిజం ఉండటమే నా భయం.

పైపు పూడుకున్నట్టు కొవ్వు పేరుకుని ధమని మూసుకుపోతుందన్న పాత వివరణ సరిపోదు, నిజమే. ధమని గోడలో రోగనిరోధక కణాలు చేరి వాపు తెస్తాయి. మరి అవి దేన్ని చూసి రెచ్చిపోతున్నాయి? జవాబులో పెద్ద భాగం ఎల్‌డీఎల్‌లోనే, అంటే చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రేణువుల్లోనే ఉంది. ప్రతి ఎల్‌డీఎల్ రేణువుకూ అపో బీ-100 అనే పెద్ద ప్రొటీన్ ఒకటి చుట్టుకుని ఉంటుంది. 4,536 అమైనో ఆమ్లాల గొలుసు అది. ఆ రేణువు ధమని గోడలో చిక్కుకుని ఆక్సీకరణ చెందితే రూపు మారుతుంది, దాని మీద యాంటీబాడీలు పుడతాయి. మనుషుల ధమనుల పూడికల్లోంచి తీసిన టీ కణాల్లో (ఇవి ఒక రకం రోగనిరోధక కణాలు) కొన్ని ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్‌ను గుర్తుపడుతున్నాయని స్వీడన్ శాస్త్రవేత్త యోరన్ హాన్సన్ బృందం 1995లోనే చూపించింది. అపో బీని గుర్తుపట్టే టీ కణాలు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు వాపును అదుపులో పెట్టే రకం. జబ్బు ఉన్నవాళ్లలో అవి ఆ గుణం పోగొట్టుకుని వాపును పెంచేవిగా మారుతున్నట్టు తర్వాతి పరిశోధనల్లో కనిపించింది. ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదని ఊదరగొట్టే ప్రకటనలు చూసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది.

కాబట్టి కొలెస్ట్రాలా, వాపా అన్న పోటీయే తప్పు. ఎల్‌డీఎల్ తగ్గితే రోగనిరోధక కణాలను రెచ్చగొట్టే సరుకే తగ్గుతుంది. 2017లో వెలువడిన కాంటోస్ అధ్యయనాన్ని కొందరు తమ వాదనకు వాడుకుంటారు. గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా రోగుల్లో జరిగిన ప్రయోగం అది. వాపును తగ్గించే కానాకినుమాబ్ ఇంజెక్షన్ 150 మిల్లీగ్రాముల మోతాదులో, ఎల్‌డీఎల్‌ను తగ్గించకుండానే, గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాల ముప్పును 15 శాతం తగ్గించింది. అయితే ఆ రోగుల్లో అత్యధికులు అప్పటికే స్టాటిన్ వాడుతున్నారు. పైగా ఆ మందు తీసుకున్నవాళ్లలో ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఈ రెండు సంగతులూ చెప్పకుండా ఆ అధ్యయనం పేరెత్తడం అన్యాయం.

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడిచేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాపు జబ్బు), లూపస్ ఉన్నవాళ్ల గురించి ఇంకో మాట. వాళ్లకు గుండెజబ్బు ముప్పు మామూలుకన్నా ఎక్కువ. రుమటాయిడ్ వాపు తీవ్రంగా ఉన్నప్పుడు రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ తక్కువగా కనిపించవచ్చు కూడా, ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు. కీళ్లకు మందు రాసే డాక్టరే గుండె ముప్పునూ లెక్కగట్టాలి.

మీ ఆరోగ్య పేజీలో ఈ విషయం వివరంగా రాయించండి. కొలెస్ట్రాల్ అపోహేనంటూ ఎవరైనా వ్యాసం పంపితే, హృద్రోగ నిపుణులకు చూపించాకే అచ్చువేయండి. డాక్టర్‌ను అడగకుండా మాత్రలు ఆపవద్దన్న మాట అందులో తప్పకుండా ఉండాలి.

– ఒక పాఠకుడు